పడమర హద్దు

జూన్ 9, సోమవారం

నేను, బాలమల్లు, దస్తావేజు లేఖరి, నివాసం మొయినాబాద్, పూర్తి స్పృహతో, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్నది ఏమనగా, నాకు ఏమీ కాలేదు.

బీపీ పెరిగింది, అంతే. చేవెళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర నా బల్ల దగ్గర కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే పక్కకు ఒరిగానట. సుధాకర్ ఆటోలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయాడట. ఈ అటలన్నీ వాళ్ళవే, నాకు జ్ఞాపకం లేదు. మొన్న ఇంటికి పంపారు. ఎడమ చెయ్యి కాస్త బరువుగా ఉంది. రాసేది కుడిచేత్తో కాబట్టి దానితో నాకు పెద్దగా పనిలేదు.

కొన్నాళ్ళు చేవెళ్ల మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఇంట్లో రాసుకోవచ్చా అంటే రాసుకో, మంచిదే, కానీ పక్కన ఎవరో ఒకరు ఉండాలి అన్నాడు. ఆ రెండో మాట నేను లెక్కలోకి తీసుకోలేదు. నా దగ్గర పని నేర్చుకున్న సుధాకర్ ఇప్పుడు నా బల్ల చూసుకుంటున్నాడు. కంప్యూటర్ మీద టకటకా కొడతాడు, మంచివాడే. కానీ చిత్తుప్రతి బాలమల్లు చేత్తోనే రాయాలని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ కుర్చీలో నేను మళ్ళీ కూర్చోవాలి. చెయ్యి ఆగిపోతే మనిషి ఆగిపోయినట్టే. అందుకే ఈ ఏర్పాటు.

మా అవ్వ, నన్ను కన్నతల్లి, పోయిన ఏడాది పోయింది. అప్పటినుంచి ఆమె గది ఖాళీ. నిన్న శంకర్‌పల్లి నుంచి నా బిడ్డ కావ్య, అల్లుడు వచ్చి అవ్వ మంచం బయట వేసి, కావ్య చిన్నప్పుడు చదువుకున్న బల్ల తెచ్చి వేశారు. ఉత్తరం ముఖంగా వేయించాను. చేవెళ్లలోనూ నేను అట్లాగే కూర్చుంటాను. పొద్దున స్నానం, తర్వాత రాత, వంటింట్లో కుక్కర్ కూత పెట్టిందంటే ఆనాటికి చాలు. నేను రాసేటప్పుడు ఎవరూ నాతో మాట్లాడకూడదు. టీ కూడా చప్పుడు చేయకుండా పెట్టి పోవాలి. నా భార్య అరుణమ్మకు గట్టిగా చెప్పాను. సరే అన్నది.

హద్దులు రాయనిదే ఏ జాగా జాగా కాదు. సదరు గదికి హద్దులు. ఉత్తరం: గోడ, దాని మీద క్యాలెండరు, మా అవ్వ సక్కుబాయి ఫోటో. తూర్పు: కిటికీ, దాని ఆవల అంతయ్య బర్రెల కొట్టం. దక్షిణం: తలుపు, దాని ఆవల హాలు. చదివి చూసుకొని సరిగా ఉన్నదని ఒప్పుకొని సంతకం చేయడమైనది.


జూన్ 10

టీ రాలేదు. మాట్లాడొద్దని నేనే అన్నాను కాబట్టి అడగలేదు. లేచి నిలబడి చూస్తే గ్లాసు బల్ల మీదనే ఉంది, చల్లారి మీగడ కట్టి.

"ఎప్పుడో పెట్టిన. నీ కండ్ల ముందల్నే ఉన్నది గద," అన్నది అరుణమ్మ.

లేదు. నా కళ్ళ ముందర లేదు.


జూన్ 12

కావ్య వచ్చింది. నా రాత చూసి, "బాపూ, గిట్ల సగం పేజీ ఇడిచిపెట్టి రాస్తున్నవేంది?" అని అడిగింది. దస్తావేజుకు ఎడమ పక్క అంచు వదలాలి, కుట్టుకోవడానికి, అదంతా నీకు తెలియదు అన్నాను. "గింత అంచా?" అన్నది. తర్వాత నా ముఖంకేసి చూసి ఊరుకుంది. ఊరుకున్నదే అనుకుంటే వాళ్ళ అమ్మతో వంటింట్లో చెప్తున్నది, బాపు గడ్డం సగమే గీసుకున్నడని. బ్లేడు మొద్దుబారింది. కొత్త బ్లేడు కొనమని ఎన్నిసార్లు చెప్పాలి ఈ ఇంట్లో.

అరుణమ్మ ఈమధ్య కూర వేయడం మరిచిపోతున్నది. అన్నం పెట్టి పోతుంది. పక్కన కూర్చుని తినిపించమని అనడం లేదు, కూర ఒక్కటి వేస్తే చాలు. అది కూడా అడగాల్సి వస్తున్నది. ఇన్నేళ్ళు నేను తింటుంటే ఎదురుగా కూర్చునేది. ఇప్పుడు మనిషి కనబడదు.


జూన్ 13

గదిలో గాజుల చప్పుడు.

కిటికీ వైపు నుంచి వచ్చింది. కలం ఆపి కిటికీ చూశాను. ఎవరూ లేరు. అంతయ్య బర్రె నెమరు వేస్తున్నది. బర్రెకు గాజులుండవు.


జూన్ 14

ఏమీ వినబడలేదు. రాత నిలకడగా ఉంది.


జూన్ 15

మళ్ళీ. ఈసారి గాజులు కావు, ఊపిరి. ఎవరో ముక్కుతో గట్టిగా ఒక ఊపిరి తీసి వదిలారు, అలసిపోయినవాళ్ళు వదిలినట్టు. కిటికీ వైపే. కిటికీ బయట బర్రె కూడా లేదు, అంతయ్య మేతకు తోలుకుపోయినట్టున్నాడు.

అవ్వ చివర్లో అట్లాగే ఊపిరి తీసేది. ఆమె మంచం తీసి బయట పడేయించి ఆ చోట కుర్చీ వేసుకున్నాను. ఎవరినీ అడగలేదు. నాకు భయమేసింది. ఇక్కడ ఒక్కచోటే రాస్తున్నాను, బయట ఎవరితోనూ అనను. స్థిరబుద్ధి లేనివాడు ఇచ్చిన దస్తావేజు చెల్లదు. చచ్చిపోయిన తల్లి ఊపిరి వినబడుతున్నదని చెప్పినవాడి చేత హద్దులు ఎవడు రాయించుకుంటాడు. ఈ మాట చేవెళ్ల చేరితే నా కుర్చీ ఇక నాది కాదు.


జూన్ 17

చిలుకూరు పోయి వచ్చాం. అరుణమ్మ మొక్కుకున్నదట. ఆటోలో పోయి ప్రదక్షిణలు చేశాం. ఆ జనానికి కళ్ళు లేవు. దేవుడు కుడిపక్క ఉన్నాడు, బాగానే ఉన్నాడు. కానీ ఇవతలి పక్క నుంచి ఒకరి తర్వాత ఒకరు వచ్చి భుజాలకు తగులుతారు. ఒక ముసలాయన మీద నేనే పడ్డానట, ఆయన నన్ను తిట్టాడు.

బయటికి వచ్చి చూస్తే ఒక్క చెప్పే ఉంది. కుడిది. ఒక్క చెప్పు ఎత్తుకుపోయే దొంగ ఎవడు. దొంగలకు కూడా మతిపోయింది అన్నాను. అరుణమ్మ నవ్వలేదు. కిందికి వంగి నా కాలికి రెండో చెప్పు తొడిగింది. ఎక్కడి నుంచి తెచ్చిందో చూడలేదు. "ఈడనే ఉండె," అన్నది, అంతే. ఆటోలో వస్తున్నంతసేపు ఒక్క మాట మాట్లాడలేదు. వెనక కూర్చుందో ముందు కూర్చుందో కూడా తెలియలేదు.


జూన్ 19

అన్నం తింటున్నాను. కూర లేదు. ఉత్త అన్నం, కొంచెం మామిడికాయ పచ్చడి. పళ్ళెంలో ఉన్నదంతా తిన్నాను, ఒక్క మెతుకు మిగల్లేదు. ఖాళీ పళ్ళెం. నా కళ్ళతో చూశాను. ఉన్నట్టుండి ఆ పళ్ళెం దానంతట అదే కదిలింది. ఎవరో తిప్పినట్టు సగం తిరిగింది. తిరిగేసరికి అందులో అన్నం ఉంది, చిక్కుడుకాయ కూర ఉంది. వేడి కూడా చల్లారలేదు.

అరుణమ్మా అని పిలిచాను. "ఏంది, తిను," అన్నది. గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో పోల్చుకోలేకపోయాను. తల ఎత్తలేదు. తిన్నాను. తినకుంటే అడుగుతారు, అడిగితే చెప్పాల్సి వస్తుంది.


జూన్ 20

ఒక సంగతి. అవ్వ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు కుడివైపున వంటింటి తలుపు ఉంటుంది. లోపలికి పోయేటప్పుడు ఆ తలుపు ఉండదు.

నేను గమనించలేదేమో. గమనించకపోవడమే.


జూన్ 23

చాలా మంచి రోజు. సురంగల్ నుంచి బిక్షం వచ్చాడు. వాళ్ళ నాయన కట్టిన ఇంటి జాగా అన్నదమ్ములు ఇద్దరూ పంచుకుంటున్నారు. సుధాకర్ రాస్తానన్నా వినలేదట.

"మల్లన్నా, మా నాయన కొన్నప్పుడు కాయితం నువ్వే రాసినవు. ఇప్పుడు పంచుకునేది కూడ నీ చేత్తోనే కావాలె. మా తమ్ముడు కూడ గదే అంటున్నడు. తర్వాత మా పిల్లలు కొట్లాడుకోవద్దు, గంతే."

పాత కాగితాలు ఇచ్చాడు. జాగా నాకు తెలిసినదే, గతంలో పోయి చూసినదే. నాలుగు రోజుల్లో చిత్తుప్రతి సుధాకర్‌కు పంపుతానన్నాను. బిక్షం పోయేముందు నా ముఖంలోకి చూసి, "తబియత్ మంచిగున్నది గదా?" అన్నాడు. బ్రహ్మాండంగా ఉంది అన్నాను. ఈ ఒక్క కాగితం శుభ్రంగా రాసి పంపితే ఇక ఎవరికీ ఏ అనుమానమూ ఉండదు. నాకు కూడా.


జూన్ 25

చిత్తుప్రతి అయింది. ఒక్క కొట్టివేత లేదు. ఒకటికి రెండుసార్లు చదివాను. కావ్య పెనిమిటి చేవెళ్ల దిక్కు పోతున్నాడంటే అతని చేతికిచ్చి పంపాను.

అంతవరకే రాసి ఆపేద్దామనుకున్నాను. కానీ రాయకుంటే ఇంకా పెద్దదవుతుంది.

కాగితం మడిచి పక్కన పెట్టి కిందికి చూస్తే, నా ఒడిలో ఒక చెయ్యి ఉంది. మనిషి చెయ్యి. మగమనిషిది, కాస్త ముసలిది, వేళ్ళు ముడుచుకొని పడుకున్నట్టు ఉంది. చల్లగా ఉంది. దానికి రాగి ఉంగరం. గట్టిగా తోసేశాను. తోస్తే అది పోలేదు, నన్నే లాక్కుపోయింది, కుర్చీతో సహా కింద పడ్డాను. పడుతుండగానే ఎవరో నన్ను పట్టుకున్నారు. అరుణమ్మ. ఎటు నుంచి వచ్చిందో తెలియదు, హాలు తలుపులోంచి రాలేదు, నేను తలుపు వైపే పడ్డాను.

రాగి ఉంగరం నాదే. చెయ్యి నాదే. ఎడమది. అరుణమ్మ దాన్ని తన చేతిలోకి తీసుకొని రాస్తూ కూర్చుంది. "తిమ్మిరెక్కిందా?" అన్నది. అవునన్నాను. సొంత చేతిని చూసి జడుసుకున్నానని భార్యకు ఎట్లా చెప్పాలి.


జూన్ 26

గదిలోకి పోలేదు.


జూన్ 28

సుధాకర్ వచ్చాడు. చేవెళ్ల నుంచి పని వదులుకొని వచ్చాడంటేనే నాకు అర్థం కావాల్సింది. టీ తాగాడు, వాన మాట మాట్లాడాడు, క్యారెట్‌కు రేటు లేదన్నాడు. అవన్నీ అయినంక జేబులోంచి నా చిత్తుప్రతి తీశాడు.

"అన్నా, తప్పు అనుకోకు. బిక్షమన్న వాటాకు పడమర హద్దు ఏది?"

ఉంటుంది చూడు అన్నాను.

"చూసిన. లేదన్నా. తమ్ముని వాటాకు కూడ లేదు. ఉత్తరం, తూర్పు, దక్షిణం రాసినవు. బిక్షమన్నకు పడమర దిక్కే తమ్ముడు ఉండేది. అది లేకుంటే ఇద్దరి నడుమ గోడ యాడ పడ్తదన్నా?"

బిక్షం చెప్పలేదు అన్నాను. సుధాకర్ మెల్లగా, "చెప్పకుంటే నువ్వు అడిగి మరీ రాపిస్తవు గదన్నా. నాకు నేర్పింది గదే," అన్నాడు. ఇటివ్వు అని గుంజుకొని చదివాను. చదివితే నాకు అంతా సరిగ్గానే ఉంది. ఎంత చదివినా సరిగ్గానే ఉంది. మూడు హద్దులు రాసి నాలుగూ రాసిన తృప్తి నాకు వచ్చింది, ఇప్పుడు చదువుతున్నా వస్తున్నది. భయమంటే నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళు రాసిన భయాలన్నీ దీని ముందర పిల్లల భయాలు.

సుధాకర్ పోయాక ఈ పుస్తకం మొదటి పేజీ తీశాను. సదరు గదికి హద్దులు. ఒక్కొక్క దిక్కుకు ఒక్కొక్క వేలు మడుస్తూ చదివాను. ఉత్తరం. తూర్పు. దక్షిణం. చదివి చూసుకొని సరిగా ఉన్నదని ఒప్పుకొని సంతకం.

ఈ ఇంట్లో పుట్టాను. ఈ గదిలో మా అవ్వ నన్ను కన్నది. ఈ గదికి పడమర ఏమున్నదో కుర్చీలో కూర్చుని ఎంత ఆలోచించినా నాకు తోచడం లేదు. మరిచిపోవడం కాదు. మరిచిపోతే ఏదో ఉండేదని అయినా తెలుస్తుంది. అక్కడ ఏమీ లేదు. గోడ లేదు, చీకటి కూడా లేదు. ఆ దిక్కే లేదు.

మరి ఆ ఊపిరి ఎవరిది.


జూన్ 29

పడమర ఏముంది?


జూన్ 30, సోమవారం

మధ్యాహ్నం రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున స్నానం చేసి గదిలోకి పోయాను. పోకుండా ఉండలేకపోయాను. తెలుసుకోకుండా బతకడం ఇంకా కష్టంగా ఉంది. కూర్చున్నాను. కలం తీశాను, మూత పెట్టాను, మళ్ళీ తీశాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కొంచెంసేపటికి గాజులు.

కిటికీ వైపు చూస్తూనే, "అవ్వా, నువ్వేనా?" అన్నాను. పైకే అన్నాను. అనేశాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "మంచం తీసినందుకు కోపమొచ్చిందా? మళ్లీ ఏపిస్తనవ్వా. నన్ను గిట్ల భయపెట్టకు."

"నేను," అని ఒక గొంతు కిటికీ దగ్గర నుంచి.

అరుణమ్మ గొంతు. కిటికీ దగ్గర ఎవరూ లేరు. ఊచలు, కొట్టం, బర్రె తోక. అరుణమ్మ చచ్చిపోయిందనుకున్నాను. ఎప్పుడో చచ్చిపోయింది, నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే మనిషి కనబడడం లేదు, అందుకే కూర దానంతట అదే వస్తున్నది. నిజంగానే అట్లా అనుకున్నాను.

"యాడున్నవే?" అన్నాను.

"యాడుంట? ఈడనే కూసున్న. రోజు ఈడనే కూసుంటున్న గద."

"కనబడ్తలేవు."

నా గడ్డం కింద రెండు వేళ్ళు తగిలాయి. వేళ్ళకు పచ్చిమిరపకాయల వాసన. నా ముఖాన్ని పట్టుకొని కిటికీ మీది నుంచి తిప్పింది. క్యాలెండరు వచ్చింది, అవ్వ ఫోటో వచ్చింది, అక్కడికి నా మెడ ఆగిపోయింది. అక్కడితో లోకం అయిపోయింది, ఇంకా తిప్పితే కింద పడిపోతాననిపించింది. వద్దు అన్నాను. ఆమె ఆపలేదు. చిన్నగా, పసిపిల్లకు తల దువ్వేటప్పుడు తిప్పినట్టు, ఇంకా తిప్పింది.

గోడ వచ్చింది. గోడకు వంటింటి తలుపు వచ్చింది. తలుపు పక్కన పీట, పీట ముందర చేటలో ఒలిచిన చిక్కుడుకాయలు. నా మోకాలికి జానెడు దూరంలో అరుణమ్మ, ఎర్ర బొట్టు, మాసిన కొంగు, ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళు.

"డాక్టరు పక్కకు మనిషి ఉండాలె అన్నడు. మాట్లాడొద్దని నువ్వంటివి. మాట్లాడకుంట కూసుంటున్న. కుక్కరు కూత పెడ్తే లేసి పోతున్న," అన్నది. మాట మధ్యలో ఆగి ముక్కు తుడుచుకుంది. "దవాఖాన నుంచి వచ్చినకాడికెళ్లి నా మొఖం చూస్తలేవు. టీ పెడ్తే ముట్టవు. పక్కకు కూసోని పళ్ళెం తిప్పి కూర ముందల పెట్టినా నా దిక్కు తిరగవు. నన్ను చూస్తె కోపమొస్తున్నదేమో, ఇగ నాతోని పనిలేదేమో అనుకున్న. ఎవ్వల్తోని చెప్పుకోవాలె?"

ఆమె వేళ్ళు తీసేస్తే ముఖం దానంతట అదే మళ్ళీ కిటికీ వైపు పోతుందని భయమేసి, ఆ చెయ్యి పట్టుకొని వదల్లేదు. కుక్కర్ కూతల మీద కూతలు పెట్టింది. ఇద్దరం లేవలేదు. పప్పు మాడింది.


జూలై 3

దవాఖాన. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి అక్షయ ఒక కాగితం నిండా గీతలు గీసి, అన్నిటినీ కొట్టేయమని పెన్సిల్ ఇచ్చింది. కొట్టేశాను. అన్నీ అయినాయా అంటే అయినాయన్నాను. కాగితం తిప్పి చూపించింది. సగం గీతలు అట్లాగే ఉన్నాయి.

కళ్ళకు ఏమీ కాలేదట. ఆనాడు బీపీ పెరిగి తలలో కుడివైపు దెబ్బ తగిలిందట, దాంతో ఎడమ దిక్కు నా ధ్యాసలోంచి పోయిందట. ఉత్తరం ముఖంగా కూర్చునేవాడికి ఎడమంటే పడమరే. చప్పుడు కూడా ఎడమ నుంచి వస్తే కుడి నుంచి వచ్చినట్టు అనిపించవచ్చట. పిచ్చి కాదు అంకుల్ అని ఆ పిల్ల తనే అన్నది, నేను అడగకముందే. అప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది.

"డాక్టర్ సార్ మొదలే చెప్పిండు బాపూ, ఎడమ దిక్కు జర ఖయాల్ పెట్టుమని," అన్నది కావ్య. "మేము చెయ్యి గురించి అనుకున్నం. రోజు నూనె రాసుడే రాసుడు." అరుణమ్మ తల వంచుకుంది. అల్లుడు గోడకేసి చూశాడు. నేను కూడా చెయ్యి గురించే అనుకొని తల ఊపాను కదా, ఇక వాళ్ళనేమంటాను.

పూర్తిగా తిరిగి వస్తుందా అంటే చాలామందికి చాలావరకు వస్తుంది అన్నది అక్షయ. నేను దస్తావేజులు రాసేవాణ్ణి. 'చాలావరకు' అనే మాట మేము రాయం.

బల్లకు ఎడమ అంచున ఎర్రటిది ఏదైనా పెట్టుకోమన్నది. ప్రతి వరుసకూ ముందు ఆ ఎరుపు కనబడేదాకా తల తిప్పాలి, కనబడ్డాకే రాయాలి. ఇంటికి రాగానే అరుణమ్మ అట్ట మీది నుంచి ఒక బొట్టుబిళ్ల తీసి బల్ల అంచున అంటించింది.


జూలై 5

తిప్పాను. బొట్టు. రాశాను. తిప్పాను. బొట్టు. రాశాను. ఈ నాలుగు వరుసలకే మెడ నొప్పి పెట్టింది. కానీ అంచు దగ్గర మొదలుపెట్టాను, చూసుకుంటే తెలుస్తుంది.


జూలై 8

ఇప్పుడు భయం వేరు. అప్పుడు దయ్యమనుకున్నాను. దయ్యమైతే ఉన్నదని తెలుస్తుంది. ఇప్పుడు నాకు కనబడనిది ఏమున్నదో నాకు తెలియదు, తెలియడం లేదన్న సంగతి కూడా తెలియదు. ఎవరో ఒకరు చెప్పాలి. రోడ్డు దాటేటప్పుడు, మెట్టు దిగేటప్పుడు, అద్దంలో చూసుకునేటప్పుడు, సరిపోయింది అనిపిస్తే చాలు, ఒళ్ళు జలదరిస్తున్నది. సరిపోయింది అనిపించిన ప్రతిసారీ మళ్ళీ వెతుక్కోవాలి.

పొద్దున లేవగానే పక్కలో అరుణమ్మ లేదు. తర్వాత జ్ఞాపకం వచ్చి తల తిప్పాను, ఇంకా తిప్పాను. ఉంది. పడుకొనే ఉంది. సాయంత్రం మంచం అటుది ఇటు మార్చి, తను నాకు కుడిపక్క వచ్చేట్టు వేయనా అని అడిగింది. వద్దన్నాను. అట్లా వేస్తే వెతకడం మానేస్తాను.


జూలై 11

బిక్షం పని చేశాను. బొట్టు చూసి మొదలుపెట్టాను, వరుస అయ్యాక మళ్ళీ చూశాను. హద్దుల దగ్గరికి రాగానే పక్కన కూర్చున్న అరుణమ్మను అడిగాను, చదివి వినిపిస్తా, ఎన్ని దిక్కులున్నయో చెప్పమని. ఆమె వేళ్ళు మడిచింది.

"పడమర చెప్పలే," అన్నది.

మళ్ళీ వదిలేశాను. అంత జాగ్రత్తగా రాసి కూడా. కలం కింద పెట్టాను. ఇక నావల్ల కాదు, సుధాకర్‌కు చెప్పెయ్, ఆ కుర్చీ అతన్నే ఉంచుకొమ్మను అన్నాను. అరుణమ్మ ఓదార్చలేదు. చేటలోంచి ఒక చిక్కుడుకాయ తీసి ఈనె లాగుతూ, "ఏముందో చెప్పు, పడమరకు," అన్నది.

"తమ్ముని వాటా."

"తెలుసు గద. రాయి మరి."

రాశాను. బిక్షం వాటాకు పడమర తమ్ముడి వాటా, ఇద్దరికీ ఉమ్మడి గోడ. సుధాకర్ ఫోన్ చేసి చదివించుకొని, మంచిగున్నదన్నా, బిక్షమన్నను పిలుస్త అన్నాడు. నేను అడగకముందే, నీ కుర్చీ మీద ఎవర్ని కూసోనిస్తలేను అని కూడా అన్నాడు. అది నిజమో నా సంతోషానికి అన్నాడో నాకు తెలియదు. తిరిగి పోతానో లేదో కూడా తెలియదు. పోతే అరుణమ్మ కూడా రావాలి, పీట వేసుకొని. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ.


జూలై 14, సోమవారం

వాన. కిటికీ మూసి ఉంది. గదిలో వెలుతురు తక్కువ.

కూర్చుని తల తిప్పాను. బొట్టు కనబడలేదు. ఇంకాస్త తిప్పాను. కనబడలేదు. నిన్నటిదాకా సరిగ్గా అక్కడ కనబడింది. బల్ల చెక్క, చెక్క, చెక్క, అంతే. మళ్ళీ పోయింది అనుకున్నాను. ఇన్ని రోజులు తిప్పిందంతా పోయింది, తలలో ఇంకో దెబ్బ తగిలింది, ఇక ఎప్పటికీ రాదు. ఆపేద్దామనిపించింది, కిటికీ వైపు తిరిగి హాయిగా ఉందామనిపించింది. అటు ఎప్పుడూ అన్నీ ఉంటాయి, ఏదీ వెతకనక్కరలేదు.

ఎరుపు కనబడేదాకా అన్నది అక్షయ. ఇంతవరకు అని చెప్పలేదు. బల్ల అంచు దాటాను. దాటితే పడిపోతానన్న భయం ఇంకా ఉంది, ఉన్నా దాటాను. గోడ. వంటింటి తలుపు. మెడ పట్టేసినట్టయింది. ఇంకా తిప్పాను, చూపు కొంచెం పైకి ఎత్తాను.

బొట్టు ఉంది. అరుణమ్మ నుదుటి మీద.

"బల్ల మీదిది వాన చెమ్మకు ఊడిపోయింది," అన్నది. "కొత్తది పెడ్దామని లేస్తున్న, నువ్వే తిరుగుతున్నవని చూస్తున్న." ఆమె గొంతు ఆమె దగ్గర నుంచే వచ్చింది. అది కూడా ఇవ్వాళే మొదటిసారి.

వద్దు, లేవకు, అక్కడే కూర్చో అన్నాను. మొదటి పేజీలో రాసింది చెల్లదు కాబట్టి దాన్ని రద్దు చేసి మళ్ళీ రాస్తున్నాను. వదిలేస్తానేమోనన్న భయంతో ఈసారి పడమర ముందు రాస్తున్నాను. మిగతా మూడూ రేపు రాసుకుంటాను, అవి ఎక్కడికీ పోవు.

సదరు గదికి పడమర హద్దు: అరుణమ్మ.